మా కొండ మీద కుక్కలకు ఆపరేషన్ క్యాంపు పెడతామంటున్నారు. ఊరివాళ్ళకు ఏం చెప్పమంటారు?

మన్యం_మాస్టారు
జి.మాడుగుల దాటి పై కొండ మీద ఒక చిన్న ఊళ్ళో బడిలో పనిచేస్తున్నాను. 60 గడపలు ఉంటాయి. బండి 4 కిలోమీటర్ల కిందే ఆగిపోతుంది, అక్కడి నుంచి నడకే. ప్రతి ఇంటికీ ఒకటో రెండో కుక్కలు. విశాఖ నుంచి ఒక స్వచ్ఛంద బృందం వాళ్ళు ఫోన్ చేశారు. జనవరిలో ఒక రోజు వచ్చి కుక్కలన్నిటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తాం, రేబిస్ టీకాలు వేస్తాం, పైసా ఖర్చు లేదు, మీరు ఊరివాళ్ళను ఒప్పించండి చాలు అన్నారు.

నా బాధ ఏమిటంటే, రెండేళ్ళ కిందట పక్క ఊళ్ళో వేరే బృందం ఇలాగే వచ్చింది. ఇంటింటికీ తిరిగి "భయం లేదు, తీసుకురండి" అని చెప్పింది నేనే. ఒక్క రోజులో 41 కుక్కలకు ఆపరేషన్లు చేసి, చీకటి పడకముందే దిగి వెళ్ళిపోయారు. వారంలో ఐదు చచ్చిపోయాయి. అందులో ఒకదాని యజమాని ఒంటరి ముసలమ్మ. ఆమెకు ఆ కుక్క తప్ప ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇప్పటికీ నేను ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్తుంది.

కుక్కలు పెరిగిపోతున్న మాట నిజం. పోయిన ఏడాది బడి పిల్లల్లో ఇద్దరిని కరిచాయి కూడా. కానీ మళ్ళీ ఆ మాట చెప్పడానికి నోరు రావడం లేదు.

కరీంనగర్_రాజన్న
41 ఒక్క రోజులోనా? డాక్టర్లు ఎంతమంది వచ్చారు మాస్టారూ?

మన్యం_మాస్టారు
ఇద్దరు. చాలా చిన్నవాళ్ళు. సాయానికి నలుగురు పిల్లలు.

పాత_పశువైద్యుడు
31 ఏళ్ళు పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యాను. అందులో ఆరేళ్ళు ఏజెన్సీలోనే. మాస్టారూ, రెండు సంగతులు చెప్పండి. ఆ క్యాంపు ఏ నెలలో పెట్టారు? ఆ ఐదూ ఎన్నో రోజున పోయాయి?

బెజవాడ_బాబ్జీ
ఇన్ని ఆలోచనలెందుకండీ. మా అన్నయ్య కూతురిని రోడ్డు మీద కుక్క కరిస్తే చెంపకి కుట్లు పడ్డాయి. మూడేళ్ళ పిల్ల. ఆపరేషన్ చేసి మళ్ళీ అక్కడే వదిలేస్తే కరవడం మానేస్తాయా? అన్నిటినీ పట్టుకెళ్ళి దూరంగా షెల్టర్లో పెట్టాలి. సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది కదా.

లాయర్_సుబ్బు
బాబ్జీ గారూ, పాప ఇప్పుడు ఎలా ఉంది? కోర్టు సంగతి చెప్తాను. 2025 ఆగస్టు 11న ఇద్దరు జడ్జిల బెంచి ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నది. 11 రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు జడ్జిల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉన్నవి తప్ప. నవంబర్ 7న మళ్ళీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వాటిని తీసేయాలనీ తిరిగి అక్కడ వదలకూడదనీ చెప్పింది. ఇవన్నీ వీధికుక్కల గురించి. మాస్టారు చెప్పేవి వీధికుక్కలు కావు. ప్రతి దానికీ ఒక ఇల్లు ఉంది, అంబలి పోసే మనిషి ఉన్నారు. మెడకు గొలుసు లేదంతే.

ఈ తేడా చిన్నది కాదు. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల బాధ్యత స్థానిక సంస్థది. ఇంటి కుక్కకు టీకా, ఆపరేషన్ బాధ్యత యజమానిది. అంటే యజమాని ఒప్పుకోకుండా ఎవరూ కత్తి పెట్టకూడదు. ఆ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందు వాళ్ళ భాషలో వివరంగా చెప్పారా లేదా అన్నది మీరు చూసుకోవాలి. ఆ బృందానికి జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉందేమో కూడా అడగండి.

బెజవాడ_బాబ్జీ
పాప బాగానే ఉంది సార్, ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యాయి. మచ్చ ఉండిపోయింది. కోపంతో అన్నాను, ఊళ్ళలో సంగతి వేరని ఒప్పుకుంటాను.

మన్యం_మాస్టారు
డాక్టర్ గారూ, అది డిసెంబర్ ఆఖరి వారం. మూడు ఆ రాత్రే పోయాయి. తెల్లారి చూస్తే బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకటి మూడో రోజున పోయింది, కుట్లు విడిపోయి పేగులు బయటికి వచ్చాయి. ఇంకోటి ఆరో రోజున, తిండి మానేసి ఒక మూల పడుకుని. ముసలమ్మది మొదటి రాత్రి పోయిన మూడింట్లో ఒకటి.

పాత_పశువైద్యుడు
అనుకున్నాను. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, ఆ మూడింటినీ కత్తి చంపి ఉండదు. చలి చంపి ఉంటుంది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు. మత్తు ఇచ్చాక ఆ వేడిని నిలబెట్టుకునే శక్తి పోతుంది, వణుకు కూడా పుట్టదు. పైగా పొట్ట మీద వెంట్రుకలు గీకేస్తాం, స్పిరిట్‌తో తడుపుతాం, పొట్ట తెరుస్తాం. ఉన్న వేడి అంతా అటే పోతుంది. అలాంటి దాన్ని సగం మెలకువలో ఇంటికి పంపిస్తే, వాళ్ళు అరుగు మీద గోనెపట్టా వేసి పడుకోబెడతారు. లంబసింగి చలి ఎలా ఉంటుందో ఈ రాష్ట్రంలో తెలియని వాళ్ళు లేరు. డిసెంబర్ ఆఖరున ఆ కొండల మీద మత్తులో ఉన్న కుక్క తెల్లవారేదాకా బతకడం కష్టం. ఇంకో అనుమానం కూడా ఉంది. పాపం ఆకలిగా ఉందని నోట్లో అంబలి పోసి ఉంటారు. మత్తు దిగకముందు మింగడం రాదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపల రక్తనాళానికి కట్టిన ముడి జారినా ఆ రాత్రే పోతుంది. చిగుళ్ళు చూస్తే తెలుస్తుంది, సున్నంలా పాలిపోతాయి. కానీ చూడటానికి అక్కడ ఎవరున్నారు?

మూడో రోజుది నాకటం, గెంతటం వల్ల. ఆరో రోజుది లోపల చీము పట్టి. 41 కుక్కలకు ఎన్ని సెట్ల సామాను తెచ్చారో అడగాల్సింది. కుక్కకో సెట్టు ఉండాలి, లేదా ఒకటి వాడేలోపు ఇంకోటి ప్రెషర్ కుక్కర్లో ఆవిరికి పెట్టి శుద్ధి చేసుకోవాలి. బేసిన్‌లో మందు నీళ్ళు పోసి అదే కత్తెరను ముంచి ముంచి వాడితే ఇలాగే అవుతుంది.

ఇందులో మీ తప్పు లేదు మాస్టారూ. మీరు చెప్పింది నిజమే, ఆపరేషన్ భయపడేది కాదు. చేసినవాళ్ళు ఆ రాత్రి అక్కడ ఉండాల్సింది.

విశాఖ_స్వాతి
నేను నాలుగేళ్ళుగా ఇలాంటి క్యాంపులకు వెళ్తున్నాను. మాస్టారికి ఫోన్ చేసింది మా బృందం కాదు. కానీ ఇది చదువుతుంటే మనసు కష్టపడింది. ఆదివారాలు మానుకుని, డీజిల్ డబ్బులు మేమే వేసుకుని, సామాను నెత్తిన పెట్టుకుని కొండలెక్కుతాం. ఎక్కడో ఎవరో తప్పు చేస్తే వలంటీర్లందరూ బాధ్యత లేనివాళ్ళే అన్నట్టు మాట్లాడకండి. ప్రతి ఊళ్ళో రాత్రుళ్ళు ఉండమంటే ఏడాదికి నాలుగు ఊళ్ళు కూడా చేయలేం. మేము వెళ్ళని ఊళ్ళో ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, 63 రోజులకు ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు. వాటిలో సగానికి పైగా ఆకలితో, జబ్బుతో, చిరుతల నోట్లో పడి పోతాయి. ఆ చావులను ఎవరూ లెక్కపెట్టరు.

పాత_పశువైద్యుడు
అమ్మా స్వాతీ, మీ కష్టం నాకు తెలుసు. ఉచితంగా చేసేవాళ్ళ మీద నాకు గౌరవమే ఉంది. కానీ కుక్కకు అది ఉచితమో డబ్బులిచ్చిందో తెలియదు కదా. ఆ ఐదు చావుల వల్ల ఆ కొండ మీద ఎన్ని ఊళ్ళు మీకు తలుపు మూసేశాయో చూడండి. 41 చేసి ఐదు పోగొట్టుకునే బదులు 15 చేసి 15నీ నిలబెడితే, మర్నాడు పక్క ఊరివాళ్ళే కుక్కలను ఎత్తుకుని వస్తారు. నాలుగు ఊళ్ళే చేయండి. ఆ నాలుగింటికీ మళ్ళీ మళ్ళీ వెళ్ళండి.

విశాఖ_స్వాతి
చిన్న సంఖ్య రాస్తే విరాళాలు రావు డాక్టర్ గారూ. "ఒక్క రోజులో 40" అని పెడితేనే డబ్బు పంపేవాళ్ళు పంపుతారు. ఇది తప్పని నాకూ తెలుసు.

కరీంనగర్_రాజన్న
ఈ మాట ధైర్యంగా చెప్పినందుకు సంతోషం చెల్లీ. విరాళం ఇచ్చే మాలాంటోళ్ళు కూడా ఎన్ని చేశారు అని కాకుండా పదో రోజున ఎన్ని బతికున్నాయి అని అడగాలి. ఇక నుంచి నేను అదే అడుగుతా.

గొర్రెల_మల్లేశ్
మాది పాలమూరు దిక్కు. మా నాయన గొర్రెలు కాస్తడు, మూడు కుక్కలున్నయి. మా ఊరోళ్ళు కూడా ఒకటే మాట అన్నరు, ఆపరేషన్ చేస్తే కుక్క మెత్తబడతది, తోడేలొస్తే మొరగదు అని. మా పెద్ద పోతుకుక్కకు నాలుగేళ్ళ కింద చేయించినం. మొరుగుడు తగ్గలే, మంద దగ్గర పండుడు తగ్గలే. తగ్గిందేందంటే, ఎదకు వచ్చిన కుక్క ఎక్కడుంటే అక్కడికి ఉరికి నాలుగు రోజులు కనబడకుండ పోవుడు. ఇప్పుడు రాత్రంత మంద దగ్గరనే ఉంటది. మా నాయనే అందరికి చెప్తుండు.

మన్యం_మాస్టారు
ఇక్కడా అదే భయం మల్లేశ్ తమ్ముడూ. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది, అప్పుడు కుక్కలతో అడవిలోకి వెళ్ళడం వాళ్ళ ఆచారం. ఆపరేషన్ అయితే ఇక పరిగెత్తదని నమ్మకం. ఎద్దుకు విత్తులు కొడితే నెమ్మదిస్తుంది కదా, కుక్క కూడా అంతే కదా అంటారు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

పాత_పశువైద్యుడు
మంచి ప్రశ్న అది. ఎద్దును నెమ్మది చేయడానికే విత్తులు కొడతారు, చిన్నప్పటి నుంచి కాడికి అలవాటు చేస్తారు కూడా. కుక్క ఇంటిని కాయడం ఆ గ్రంథుల వల్ల వచ్చేది కాదు. అది దాని చోటు మీదా మనుషుల మీదా ఉన్న మమకారం. పోతుకుక్కల్లో తిరుగుడూ, ఆడకుక్క కోసం కొట్లాటలూ తగ్గుతాయి. తిండి ఎక్కువ పెడితే లావవుతుంది, అది నిజం. కొండ మీద అంబలి తాగి రోజంతా నడిచే కుక్కకు ఆ బాధ లేదు.

ఇంకో మాట. చాలామంది మగవాటిని మాత్రం ఇస్తారు, ఆడవాటిని దాచేస్తారు. ఊళ్ళో పది మగవాటిలో తొమ్మిదింటికి చేసినా మిగిలిన ఒక్కటే అన్ని ఆడకుక్కలకూ సరిపోతుంది. ఆడవాటికి చేస్తేనే ఫలితం. "ఒక ఈత అయ్యాక చేయిద్దాం" అనేది కూడా అపోహే, ఈనాల్సిన అవసరం ఏమీ లేదు. పాలిచ్చే తల్లిని మాత్రం పిల్లలు తిండి తినడం మొదలుపెట్టే దాకా వదిలేయాలి.

పీహెచ్‌సీ_అక్క
నేను ఏజెన్సీలోనే నర్సుని. అందరూ ఆపరేషన్ గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో ముందు టీకా. ఆపరేషన్లు రోజుకు 20 అవుతాయి, టీకాలు రోజుకు 200 వేయొచ్చు. మనుషులకు రేబిస్ సోకిన వాటిలో 99 శాతం కుక్కల నుంచే. లక్షణాలు మొదలయ్యాక మేము చేయగలిగింది ఏమీ ఉండదు. నా సర్వీసులో ఒక్కసారి చూశాను. 11 ఏళ్ళ బాబు. గ్లాసులో నీళ్ళు చూసి గొంతు పట్టేసి వాడు పడిన యాతన ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. కరిచి రెండు నెలలైంది, ఆకు పసరు కట్టారట.

మాస్టారూ, మీ బడి పిల్లలకు ఇది నేర్పండి, క్యాంపు వచ్చినా రాకపోయినా. కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. అదే రోజు దిగి వచ్చేయాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో సూదులు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి, అది అన్ని చోట్లా దొరకదు. మీ ఊరి నుంచి నాలుగుసార్లు కొండ దిగి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు, చాలామంది మూడో సూదికి ఆపేస్తారు. అందుకే కుక్కకే ముందు టీకా వేయమంటున్నాను.

విశాఖ_స్వాతి
అక్కా, మీరు చెప్పింది నిజమే, కానీ రెండూ విడివిడి కాదు. రేబిస్ ఆగాలంటే ఊళ్ళో 70 శాతం కుక్కలకు టీకా ఉండాలి. ఈ ఏడాది 70 శాతానికి వేశాం అనుకోండి. వచ్చే ఏడాదికి చాలా కొత్త కుక్కలు వస్తాయి, టీకా లేనివి. మళ్ళీ మొదటికి వస్తాం. పుట్టుక తగ్గితేనే వేసిన టీకా నిలుస్తుంది. అందుకే మేము రెండూ కలిపి చేస్తాం, ఆపరేషన్‌కు ఇవ్వనివాళ్ళ కుక్కకు కూడా టీకా వేసి పంపిస్తాం.

పీహెచ్‌సీ_అక్క
అలా అయితే సరే. కానీ ఆపరేషన్ వద్దన్నవాళ్ళు భయపడి టీకాకి కూడా రారు, అది చూశాను. టీకా రోజు వేరే పెట్టండి, ముందు పెట్టండి. సూది వేసి ఏమీ కాలేదని చూశాక రెండోసారి నమ్ముతారు.

పాత_పశువైద్యుడు
ఈ సలహా బంగారం. నాకు తట్టలేదు.

అరిజోనా_వెట్
తిరుపతిలో వెటర్నరీ చదివి ఇక్కడికి, అమెరికాకు వచ్చాను. ఇక్కడ నవాహో అనే ఆదివాసీ తెగ వాళ్ళ రిజర్వేషన్లో (వాళ్ళకంటూ ఉన్న ప్రాంతంలో) ఇలాంటి క్యాంపులకు రెండుసార్లు వలంటీర్‌గా వెళ్ళాను. ఎంతో దూరం పోతే గానీ ఒక వెటర్నరీ ఆసుపత్రి లేని చోట్లు ఉన్నాయి, అమెరికా అంటే ఎవరూ నమ్మరు. మనుషులు ముందు రోజు రాత్రే వచ్చి బండ్లలో పడుకుంటారు, కుక్కలతో సహా. బడి జిమ్ హాల్లో నేల మీద దుప్పట్లు పరిచి ఆపరేషన్ అయినవాటిని వరసగా పడుకోబెడతాం.

అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే. ఒక్కో కుక్క పక్కన ఒక విద్యార్థి కూర్చోవాలి. దాని ఒంటి వేడి, ఊపిరి, చిగుళ్ళ రంగు కొన్ని నిమిషాలకోసారి కాగితం మీద రాయాలి. అది తల ఎత్తి తనంతట తాను కూర్చునేదాకా ఆ విద్యార్థి లేవకూడదు. నీళ్ళ సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి పక్కన పెడతాం. గుడ్డ లేకుండా పెడితే కాలిపోతుంది, దానికి తెలియదు కూడా. కెటమిన్ అనే మత్తు మందు ఇచ్చిన కుక్క కళ్ళు తెరిచే ఉంటాయి, ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ పెట్టాలి. ఇందులో డాక్టర్ చేయాల్సిన పని ఏమీ లేదు. మీ ఊరి కుర్రాళ్ళకు ఒక గంట నేర్పిస్తే చేస్తారు.

భూటాన్‌లో_పనిచేశా
జలవిద్యుత్ ప్రాజెక్టులో ఇంజినీరుగా ఐదేళ్ళు ఉన్నాను. మీ కొండల కంటే ఎత్తైన కొండలు, ఒక్కో లోయలో పది ఇళ్ళు. బౌద్ధులు కాబట్టి కుక్కను చంపే మాటే లేదు. 2009లో దేశమంతా ఆపరేషన్లు, టీకాలు మొదలుపెట్టారు. 2023 అక్టోబర్‌లో దేశంలో బయట తిరిగే కుక్కలన్నిటికీ ఆపరేషన్, టీకా అయ్యాయని ప్రకటించారు, లక్షన్నరకు పైగా కుక్కలు. 14 ఏళ్ళు పట్టింది. ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొసన చిన్న కోత ఉన్న కుక్కలు ఎక్కడ చూసినా కనిపించేవి. ఒక్క రోజులో 41 చేసి ఫోటో దిగి వెళ్ళే పని కాదు ఇది.

మన్యం_మాస్టారు
చెవి కోత గురించి అప్పుడు పక్క ఊళ్ళో పెద్ద గొడవ అయింది. నా కుక్క చెవి ఎందుకు కోశారు అని.

విశాఖ_స్వాతి
అది ముందే చెప్పాలి మాస్టారూ. మత్తులో ఉన్నప్పుడే చేస్తాం, నొప్పి తెలియదు. ఆ గుర్తు లేకపోతే వచ్చే ఏడాది ఇంకో బృందం అదే కుక్క పొట్ట మళ్ళీ కోస్తుంది. ఇంటి కుక్క కాబట్టి యజమాని వద్దంటే మానేయొచ్చు, పుస్తకంలో ఫోటో పెట్టుకుంటే సరిపోతుంది.

నల్లమల_గాలి
అడవి పక్క ఊళ్ళ గురించి ఒక మాట. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకు కూడా సోకుతుంది. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నిటిలో అదే వైరస్ దొరికింది. మా నల్లమలలో చెంచుపెంటల్లోనూ (చెంచుల గూడేల్లోనూ) కుక్క లేని ఇల్లు లేదు. క్యాంపుకు వచ్చేవాళ్ళు రేబిస్‌తో పాటు డిస్టెంపర్ టీకా కూడా తేగలరేమో అడగండి.

కరీంనగర్_రాజన్న
ఇవేమీ చేయకపోతే ఏమైతదో కూడా చూసినం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చి 20 దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపిన్రు. ఊరు విసిగిపోయే దాకా ఆగొద్దు మాస్టారూ. నా ఓటు క్యాంపుకే, కానీ జనవరిలో వద్దు.

మన్యం_మాస్టారు
ఇక్కడ రాసినవన్నీ నోట్‌బుక్కులో ఎక్కించుకుని ఆ బృందానికి ఫోన్ చేశాను. మొదట కొంచెం చిరాకు పడ్డారు. ఎన్ని సెట్లు తెస్తారు, రాత్రి ఎవరు ఉంటారు, నొప్పికి ఏ ఇంజెక్షన్ ఇస్తారు, కుట్లు వాటంతట అవే కరిగేవా అని వరసగా అడిగితే, అవతల ఉన్న అమ్మాయి కాసేపు ఆగి "సార్, మిమ్మల్ని ఇంతకుముందు ఎవరైనా మోసం చేశారా?" అని అడిగింది. జరిగింది అంతా చెప్పాను. ఆ తర్వాత మాట తీరు మారింది. టీకాల రోజు జనవరి ఆఖరున, ఆపరేషన్లు చలి తగ్గాక ఫిబ్రవరి చివర, మూడు రోజులు, రోజుకు పదికి మించకుండా అని ఒప్పుకున్నారు. మూడు రాత్రులు బడిలోనే ఉంటారు. ఎలా జరిగిందో వచ్చి రాస్తాను.

పాత_పశువైద్యుడు
ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దని గట్టిగా చెప్పండి, నీళ్ళు పర్వాలేదు. ప్రతి కుక్కనూ తూకం వేయాలి. గోనెసంచిలో కూర్చోబెట్టి వేలాడే కాటాకు తగిలించినా సరే, మత్తు మందు మోతాదు బరువును బట్టే. కంటి అంచనాతో ఇవ్వనివ్వకండి. మండలంలో పశువైద్యాధికారికి కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి, బృందం వెళ్ళాక దిక్కు ఆయనే.

గొర్రెల_మల్లేశ్
మాస్టారూ, క్యాంపు అయిందా? చూస్తున్నం.

మన్యం_మాస్టారు
అయింది. సంతకు దిగాను, ఇక్కడ సిగ్నల్ ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

టీకాల రోజున 83 కుక్కలు వచ్చాయి, పక్క ఊళ్ళ నుంచి కూడా. అక్క చెప్పినట్టే, సూది వేసి ఏమీ కాలేదని చూశాక మాట్లాడటం సులువైంది. ఒప్పుకోలు కాగితం మా బడిలో చదువుకుని ఇంటర్‌కు వెళ్ళిన ఒక అమ్మాయి వాళ్ళ భాష కువిలో చదివి వినిపించింది. చెవి కోత గురించీ, ఆపరేషన్‌లో చనిపోయే ప్రమాదం కొంచెం ఉంటుందన్న మాటా దాచకుండా చెప్పించాను. ఆ మాట చెప్తే ఎవరూ రారని బృందంవాళ్ళు భయపడ్డారు. ముగ్గురు లేచి వెళ్ళిపోయిన మాట నిజమే. మిగతావాళ్ళు కూర్చున్నారు.

ఆపరేషన్లు మూడు రోజుల్లో 26. ఆడవి 19, మగవి 7. ఒక ఆడకుక్కకు కింది భాగంలో కాలీఫ్లవర్‌లా కణితి ఉంది. కుక్కలు కలిసినప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి అంటే జబ్బు అట, వారానికో సూది చొప్పున మందు ఉందట, కానీ వారం వారం ఎవరు వస్తారు? అది ఇంకా తేలలేదు.

రాత్రి బడి గదిలో నెగడు పెడదామంటే పొగ వద్దన్నారు. సీసాల్లో వేడినీళ్ళు, గుడ్డలు. పదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో కుక్క పక్కన కూర్చుని అరిజోనా గారు చెప్పినట్టే రాశారు. మొదటి రాత్రి రెండింటికి ఒక కుర్రాడు "చిగుళ్ళు తెల్లబడ్డాయి" అని డాక్టర్లను లేపాడు. టార్చి లైట్ల వెలుగులో మళ్ళీ పొట్ట తెరిచి జారిన ముడి బిగించారు. అది బతికింది. మేమందరం అక్కడే ఉన్నాం కాబట్టి బతికింది.

విశాఖ_స్వాతి
ఇది చదివి ఏడుపు వచ్చింది మాస్టారూ. మా బృందంలో అందరికీ పంపించాను. వచ్చే క్యాంపు నుంచి రాత్రి ఉండని చోటికి వెళ్ళొద్దని అనుకున్నాం. ఇద్దరు ఒప్పుకోలేదు, గొడవ నడుస్తోంది.

పాత_పశువైద్యుడు
ఆ కుర్రాడిని పశువైద్యం చదివించండి. నిజంగా అంటున్నాను. పాలిటెక్నిక్ అయినా సరే.

బెజవాడ_బాబ్జీ
మాస్టారూ, మళ్ళీ క్యాంపు పెట్టేటప్పుడు చెప్పండి. నావంతు డబ్బు పంపిస్తాను.

పీహెచ్‌సీ_అక్క
ఆ ముసలమ్మ సంగతి ఏమైంది?

మన్యం_మాస్టారు
ఆమె టీకాల రోజున రాలేదు. మొదటి రెండు రోజులూ బడి గోడ అవతల నిలబడి చూసి వెళ్ళిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం సామాను సర్దుతుంటే వచ్చింది, పాత పమిట కొంగును తాడులా కట్టిన ఒక ఆడకుక్కతో. పాతది పోయాక ఎక్కడి నుంచో వచ్చి ఇంటి ముందు కూర్చున్నదట. నాతో మాట్లాడలేదు, తాడు నా చేతికి ఇచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ ఆపరేషన్ గౌను వేసుకుంది. ఆ 26లో ఆఖరిది అదే. రాత్రంతా పిల్లలను ఎవరినీ కూర్చోనివ్వలేదు, తనే దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెల్లవారి అది లేచి తోక ఊపితే, అంబలి ఎప్పుడు పోయాలి అని నన్ను అడిగింది. రెండేళ్ళ తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట.

కరీంనగర్_రాజన్న
కుట్లు ఎలా ఉన్నయి మాస్టారూ అన్నిటికీ?

మన్యం_మాస్టారు
ఒకటి నాకి నాకి కొంచెం తెరుచుకుంది, నాలుగో రోజున మన కుర్రాళ్ళే పట్టుకున్నారు. ఫోటో తీసి సిగ్నల్ వచ్చే గుట్ట మీదికి పోయి డాక్టరమ్మకు పంపారు. ఆమె చెప్పినట్టు మండలం పశువైద్యాధికారి వచ్చి కట్టు కట్టారు. మిగతావి బాగున్నాయి. రేపు పదో రోజు. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి 26నీ చూడాలి, ఇక సంత నుంచి బయలుదేరుతున్నాను. పైన సిగ్నల్ లేదు, ఫోటోలు వచ్చే వారం దిగినప్పుడు పెడతాను.